కదలని నంబరు

మా పక్క వాటాలో కిరాయికి ఉండే అమ్మాయి ఈ మధ్య సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేరింది. పొద్దున్నే బాల్కనీలో అటూ ఇటూ తిరుగుతూ మాటలూ వాటి అర్థాలూ గడగడా వల్లెవేస్తుంది. బగ్ అంటే ఇది, సివియారిటీ అంటే ఇది, రిగ్రెషన్ అంటే ఇది. నేను ఇటువైపు తోటకూర కాడలు తుంచుకుంటూ వింటాను. మొన్నొకరోజు గోడ మీంచి తొంగిచూసి, "ఆంటీ, మీరు గిదే పని చేసిన్రంట కద. ‘నాట్ రిప్రొడ్యూసిబుల్’ అంటే ఏంది? జెర అర్థమయ్యేటట్టు చెప్పరా?" అని అడిగింది. చెప్పడానికి నోరు తెరిచాను. కాడలు గిన్నెలో పడేసి, "సాయంత్రం చెప్తాలే" అని లోపలికొచ్చి మంచినీళ్లు తాగాను. రిటైరై ఇన్నాళ్లయినా ఆ మాట వింటే నా అరచేతులకు చెమటలు పడతాయి.

సాయంత్రం ఆ పిల్లకు చెప్పిన సంగతే ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలెవరైనా చదువుతారని ఆశ. ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం ఇలా చెప్పకండి, ఉద్యోగం ఇవ్వరు.

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పుట్టు పిరికిదాన్ని. గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చే రకం. బస్సు ఫ్లైఓవర్ ఎక్కితే కళ్లు మూసుకుంటాను. "నీ భయాలకు ఒక్కరోజు సెలవివ్వరాదూ" అని మా ఆయన వెక్కిరించేవారు. హైదరాబాదు శివార్లలోని గడ్డపోతారంలో మందుల ముడిసరుకు తయారుచేసే మా కంపెనీ మాత్రం ఆ భయాలకు నెలనెలా జీతమిచ్చింది. మా నాన్నగారు కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డారు. నేను కెమిస్ట్రీ చదివి ఆ కంపెనీ ల్యాబ్‌లో చేరాను. కొన్నేళ్లకు యంత్రాలన్నిటికీ కంప్యూటర్లు తగిలించడం మొదలైంది. ఆ ప్రోగ్రాములు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించే మనిషి కావాలన్నారు. కంపెనీ మొత్తంలో ఎక్కువ సణిగేది ఎవరా అని వెతికితే నేను దొరికాను. కోడ్ ఒక్క లైను కూడా రాయడం రాదు నాకు. ఏది ఎక్కడ చెడిపోవచ్చో ఊహించుకుని హడలిపోవడం మాత్రం చిన్నప్పటినుంచీ వచ్చు. టెస్టరుకు మొదట కావలసింది అదే.

ఫ్యాక్టరీ ఫ్లోర్ మీద నా పేరు "భయం మేడం". వెనకాల అనుకునేవాళ్లు, మొహం మీద కూడా అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది మా రియాక్టర్ షెడ్డు ఆపరేటరు. ఇస్నాపూర్ మనిషి. వాళ్ల భూములన్నీ ప్లాట్లయిపోగా మిగిలిన చిన్న మడిచెక్కలో, బోరు పక్కన, బంతిపూలు వేసేవాడు. కంపెనీ బస్సులో నా వెనక సీటే అతనిది.

"మేడం, మీరే గింత భయపడితె మేమెట్ల బతకాలె? ఆ రియాక్టర్ పక్కపొంటి నిలవడేది మేము" అనేవాడు.

"నిలబడేది నువ్వు కాబట్టేనయ్యా నేను భయపడేది" అనేదాన్ని.

నవ్వేవాడు. అయితే అతనికీ భయముందని నాకు తెలుసు. అంతకుముందు వేరేచోట కాంట్రాక్టు మీద పనిచేస్తున్నప్పుడు ఒక షెడ్డు కాలిపోవడం కళ్లారా చూశాడు. ఆ సంగతి నాకు ఒకే ఒక్కసారి చెప్పాడు, చెప్పినంతసేపూ బస్సు కిటికీలోంచి బయటికే చూశాడు. అందుకే మా కంపెనీలోకి ఏ కొత్త యంత్రం వచ్చినా తన పూలతో, తన చేత్తో దండ గుచ్చి తెచ్చేవాడు. నా భయం నాచేత టెస్టులు రాయించేది, అతని భయం అతనిచేత దండలు గుచ్చించేది.

ఈ చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీలోనైనా అంతే. కొత్త పంపు వచ్చినా, కొత్త ప్రింటరు వచ్చినా బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాకగానీ స్విచ్ వేయరు. మా షెడ్డుకు ఒక చిక్కుండేది. లోపలంతా నిప్పు తగిలితే భగ్గుమనే సాల్వెంట్ల ఆవిరి. అగ్గిపుల్ల మాట అటుంచి, ఫోను కూడా గేటు దగ్గర ఇచ్చి వెళ్లాలి. కాబట్టి లోపల హారతి లేదు, అగరుబత్తి లేదు. కర్పూరం గేటు బయట వెలిగించాల్సిందే. ఆ లోటంతా పూలతో తీర్చుకునేవాళ్లు మావాళ్లు. యంత్రం కనపడనంత పూలు వేస్తేగానీ పూజ చేసినట్టు ఉండేది కాదు.

ఇలా ఉండగా కొత్త రియాక్టరు వచ్చింది. రియాక్టరంటే రసాయనాలు కలిపే పెద్ద ఉక్కు పాత్ర. దాని పక్కనే స్టీలు పెట్టెలో, అంటే ప్యానెల్లో, ఒక టచ్ స్క్రీను బిగించారు. పాత్ర లోపల ఎంత వేడి ఉందో ఆ స్క్రీను మీద నంబరు వస్తుంది. వేడి హద్దు దాటితే హూటర్ మోగాలి, చల్లనీళ్ల వాల్వు దానంతటదే తెరుచుకోవాలి. కొన్ని రసాయనాలు కలిసినప్పుడు వాటంతటవే వేడెక్కుతాయి. వేడెక్కినకొద్దీ ఇంకా జోరుగా కలుస్తాయి. సమయానికి చల్లబరచకపోతే ఉక్కు కూడా ఆగదు, పగిలిపోతుంది. పక్కనున్న మనిషి సంగతి వేరే చెప్పక్కర్లేదు. అంటే ఆ ఆపరేటరు ప్రాణం ఆ స్క్రీను చేతిలో ఉంది. దాన్ని నమ్మవచ్చా లేదా అని తేల్చడం నా పని.

అసలు సరుకు పోయకముందు ఉత్త నీళ్లు పోసి పరీక్షిస్తాం. దాన్ని నీళ్ల ట్రయల్ అంటారు. ఆ రోజు ఉదయమే పూజ అయింది. ఆపరేటరు స్టీలు పెట్టె మీద పసుపు రాసి బొట్లు పెట్టాడు. ముద్దబంతిపూల దండ పైనుంచి రెండు పక్కలా దించి, స్క్రీను కింది అంచు మీద కలిసేటట్టు వేశాడు. చూడముచ్చటగా ఉందని నేనే మెచ్చుకున్నాను. తర్వాత ఆవిరితో నీళ్లు వేడిచేయడం మొదలుపెట్టాం. నా చేతిలో టెస్ట్ కేసు ఉంది. టెస్ట్ కేసంటే ఏం చేయాలి, చేస్తే ఏం జరగాలి, నిజంగా ఏం జరిగింది అని రాసుకునే కాగితం. హద్దు దాటగానే హూటర్ మోగాలి, వాల్వు తెరుచుకోవాలి. అంతే.

నంబరు పెరుగుతూ పెరుగుతూ హద్దుకు కాస్త ఇవతల ఆగింది. ఆగి అలాగే ఉండిపోయింది. పాత్రతోపాటే వచ్చిన, వేడి చూపే పాతకాలపు డయల్ ఒకటి ఇంకా బిగించి ఉంది. దాని ముల్లు మాత్రం పైకి పోతూనే ఉంది.

"ఏమయ్యా, ఆ ముల్లు చూడు."

"పాతకాలపుది మేడం గది. రేపో మాపో తీసేస్తరు. దాన్ని వట్టించుకోకుండ్రి."

పాత్ర దగ్గరికి వెళ్లాను. సెగ మొహానికి కొట్టింది. డయల్ చెప్పేది నిజం, స్క్రీను చెప్పేది అబద్ధం. హూటర్ లేదు, వాల్వు లేదు. "ఆవిరి కట్టెయ్యి. ఇంకేదీ ముట్టుకోకు" అని చెప్పి, ప్రోగ్రాము రాసిన అబ్బాయిని పిలవడానికి ఆఫీసు గదికి పరుగెత్తాను. హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు, నెమ్మదైన పిల్లవాడు. పాపం తింటున్న టిఫిను వదిలేసి నా వెంట వచ్చాడు. మేం వచ్చేసరికి హూటర్ చెవులు పగిలేలా మోగుతోంది. వాల్వు తెరుచుకుని చల్లనీళ్లు పారుతున్నాయి. స్క్రీను మీద నంబరు, డయల్ మీద ముల్లు ఒకే మాట చెప్తున్నాయి.

"బాగానే పనిచేస్తోంది కదా మేడం" అన్నాడా అబ్బాయి.

"ఏం ముట్టుకున్నావయ్యా?" అని ఆపరేటరును నిలదీశాను.

"దేవుని తోడు మేడం, నేనేం ముట్టలే. గదే మోగింది."

ఆ రోజంతా, మర్నాడంతా అదే పరీక్ష మళ్లీ మళ్లీ చేశాం. ప్రతిసారీ హూటర్ మోగింది, ప్రతిసారీ వాల్వు తెరుచుకుంది. డాక్టరు దగ్గరికి వెళ్లగానే పంటినొప్పి మాయమైనట్టు అయింది నా పని. అయినా డిఫెక్టు రిపోర్టు రాశాను. సివియారిటీ దగ్గర అన్నిటికన్నా పై మెట్టు పెట్టాను. సివియారిటీ అంటే ఆ తప్పు జరిగితే ఎంత నష్టం అని. ప్రయారిటీ అంటే దాన్ని ఎంత త్వరగా సరిచేయాలి అని. మొదటిది టెస్టరు రాస్తుంది, రెండోది మేనేజరు రాస్తాడు. ఈ రెండిటికీ సంబంధం ఉండాలని పుస్తకాల్లో ఉంటుంది. మా మేనేజరు ప్రయారిటీ దగ్గర చిట్టచివరి మెట్టు పెట్టాడు. వారం తిరక్కుండా దాని ఎదురుగా ఆ మాట వచ్చింది: నాట్ రిప్రొడ్యూసిబుల్. చూశానంటున్నావు, మళ్లీ చూపించలేకపోతున్నావు, కాబట్టి అది లేనట్టే అని దాని అర్థం.

మేనేజరు చెడ్డవాడేం కాదు. గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించి మాట్లాడాడు.

"మేడం గారూ, మీకు ఏదో కనపడిందనే అనుకుందాం. ఒక్కసారి కనపడ్డదానికి ప్లాంటు ఆపమంటారా? ఎన్నాళ్లు ఆపమంటారు?"

"కారణం దొరికేదాకా."

"దొరక్కపోతే?"

టీ తాగేసి లేచి వచ్చాను. ఆ రోజుల్లో నా బతుకంతా అదే ప్రశ్న అయిపోయింది. నేను చూసింది నిజం. కానీ మళ్లీ చూపించలేను. చూపించలేనిదాన్ని ఎవరు నమ్ముతారు? కొన్నాళ్లకు నాకే అనుమానం వచ్చింది, నా పిరికి కళ్లు లేనిది చూశాయేమోనని. అలా అనుకుని కాస్త ఊరట పడగానే ఆ కదలని నంబరు గుర్తొచ్చేది. ఇంట్లో కుక్కర్ వాడటం మానేశాను. అన్నం గిన్నెలో వండుతుంటే, "నీ ఫ్యాక్టరీ గొడవ మన వంటింట్లోకి దేనికి తల్లీ" అని మా ఆయన విసుక్కున్నారు. కుక్కర్ విజిల్ వేసేలోపు ఉండే నిశ్శబ్దాన్ని నేను భరించలేకపోయేదాన్ని. అది ఆయనకు చెప్పినా అర్థం కాదు.

అసలు సరుకు పోసి మొదటి బ్యాచ్ మొదలుపెట్టే రోజు ఖాయమైంది. మా భాషలో దాన్ని గో-లైవ్ అంటారు. పాత డయల్ పీకేశారు. ఉంచమని బతిమాలాను. స్క్రీను ఉండగా అదెందుకన్నారు. ముందురోజు బస్సులో వెనక్కి తిరిగి ఆపరేటరుతో అన్నాను:

"రేపు ఆ నంబరు మీదే కన్ను పెట్టు. ఏమాత్రం తేడా వచ్చినా చల్లనీళ్ల చేతివాల్వు తిప్పెయ్యి. ఎవరినీ అడగకు."

"మేడం, గింత పరేషాన్ ఎందుకు? నీళ్లతోటి గన్నిసార్లు జూసినం కద?"

"నాకెందుకో భయంగా ఉందయ్యా."

అతను నా మొహం చూసి జాలిపడ్డట్టున్నాడు. "రంధి వెట్టుకోకుండ్రి. రేపు మీ పేరు మీద గూడ మొక్కి, జెర పెద్ద దండ గుచ్చుకొస్త. మీ భయం గూడ పోవాలె" అన్నాడు.

నేను నవ్వాను. "సరే, పెద్దదే తీసుకురా" అని కూడా అన్నాను.

మర్నాడు ఉదయం పెద్దవాళ్లందరూ వచ్చారు. గేటు బయట కర్పూరం వెలిగించారు, కొబ్బరికాయ కొట్టారు. బ్యాచ్ మొదలైంది. పరీక్షలు అయిపోయాయి కనుక టెస్టరుకు షెడ్డులో పనిలేదు. ఆఫీసు గదిలో కూర్చోమన్నారు. కూర్చున్నాను. కొబ్బరి ముక్క చేతిలో పెట్టారు, అలాగే టేబుల్ మీద పెట్టేశాను. ఎదురుగా ఏవో కాగితాలున్నాయి, ఒక్క అక్షరం తలకెక్కితే ఒట్టు. బయట రియాక్టరు మోటారు చప్పుడు వినపడుతోంది. చివరికి లేచి హెల్మెట్ పెట్టుకుని, ఎవరైనా అడిగితే పెన్ను మర్చిపోయానని చెబుదామనుకుంటూ షెడ్డులోకి వెళ్లాను.

ఆపరేటరు ప్యానెల్ ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి సంబరంగా తలూపాడు. "సూడుండ్రి మేడం. ఎంత మంచిగ నిలవడ్డదో."

చూశాను. నంబరు నిలబడి ఉంది.

పిల్లలూ, ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. బతికున్న నంబరు ఎప్పుడూ నిలబడదు. పాత్రలో వేడి ఎంత నిలకడగా ఉన్నా, చివరి అంకె కాస్త పైకీ కిందికీ వణుకుతూనే ఉంటుంది. నేను ఏళ్లతరబడి అలాంటి అంకెల్ని చూస్తూ కూర్చున్నదాన్ని. ఈ అంకె వణకడం లేదు. ఆ నీళ్ల ట్రయల్ నాడు ఆగినట్టే ఆగి ఉంది. ఈసారి లోపలున్నవి నీళ్లు కావు.

గేటు వైపు చూశాను, అది చాలా దూరంగా కనిపించింది. ప్యానెల్ పక్కనున్న పైపు మీదుగా సెగ వచ్చి మొహానికి తగిలింది. సరిగ్గా ఆ రోజు తగిలినట్టే. ఆ రోజు ఏముంది? ఈ రోజు ఏముంది? మధ్యలో అన్నిసార్లు చేసినప్పుడు లేనిదేముంది? మళ్లీ స్క్రీను వైపు చూశాను. నంబరు కింద, స్క్రీను అంచు పొడుగునా, ముద్దగా, పచ్చగా, బంతిపూలు.

"దండ!" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. "దండ తియ్యి!"

"ఏంది మేడం?"

"దండ తియ్యవయ్యా! తియ్యి!"

"దేవునికేసింది నడుమల తియ్యొద్దు మేడం. పెద్దసార్లు గూడ పొద్దుగూకేదాంక ఉంచుమన్నరు. మీ పేరు మీద గూడ…"

"నీకు దండం పెడతాను, తియ్యి!"

అతని చెయ్యి సగం లేచి ఆగిపోయింది. కళ్లల్లో భయం. నాకు పిచ్చి పట్టిందనుకున్నాడో, దేవుడికి కోపం వస్తుందనుకున్నాడో. ఇక నేను ఆగలేదు. రెండు చేతులా దండ పట్టుకుని లాగాను. దారం పుటుక్కున తెగింది, పూలు నేలంతా చిందాయి.

నంబరు ఒక్క దూకు దూకింది. లోపలి వేడి హద్దు దాటి చాలాసేపయింది. స్క్రీను ఎర్రబడింది, హూటర్ మొదలైంది, గోడ అవతల నీళ్ల లైను దడదడలాడింది. నేను ఆ ఎర్రటి నంబరు చూస్తూ అలాగే నిలబడిపోయాను. ఆపరేటరు అప్పటికే చేతివాల్వు చక్రం మీద పడి తిప్పుతున్నాడు.

"ఉరుకుండ్రి మేడం! జల్దీ! ఉరుకుండ్రి!"

"నువ్వూ రా!"

"వస్తున్న, మీరు ఉరుకుండ్రి!"

అందరం బయటికి పరుగెత్తాం. ప్రమాదం వస్తే చేరాల్సిన స్థలమని గేటు అవతల బోర్డు పెట్టి ఉంటుంది. ఎండలో ఆ బోర్డు కింద గుంపుగా నిలబడ్డాం. చివరగా ఆపరేటరు వచ్చాడు. వచ్చేదాకా నేను షెడ్డు తలుపు వైపే చూస్తూ ఉన్నాను. మేనేజరు పెదాలు కదుపుతున్నాడు, ఏ మంత్రమో. షెడ్డులోంచి హూటర్ మోత, దాని వెనక పాత్ర లోపల ఏదో కుతకుత. ఆ కుతకుత పెరుగుతోందా తగ్గుతోందా అని చెవులన్నీ అటే. హిందీ మాట్లాడే కూలీ ఒకడు నేలమీద కూర్చుని చెవులు మూసుకున్నాడు. నా పిడికిలి గట్టిగా బిగిసి ఉంది. విప్పి చూస్తే నలిగిన పువ్వొకటి.

ఎంతసేపు గడిచిందో తెలియదు. షెడ్డు కిటికీలోంచి స్క్రీను మీద నంబరు చూసిన షిఫ్ట్ ఇన్‌చార్జి చెయ్యెత్తి కిందికి ఊపాడు. "దిగుతున్నది! దిగుతున్నది!"

ఆపరేటరు ఉన్నచోటే కూలబడ్డాడు. హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తలెత్తి నన్ను అడిగాడు:

"నా దండనా మేడం?"

నేను పక్కన కూర్చున్నాను. "ఆ నీళ్ల ట్రయల్ నాడు నేను బయటికి పరుగెత్తాక దండ తీశావా?"

"సేఫ్టీ సారు రౌండుకొస్తడు, మిషన్ మీద పూలు జూస్తె ఒర్లుతడని తీసి, బయట దేవుని పటానికేసిన. మీరు ఏం ముట్టకన్నరు. నేను మిషన్ ముట్టలే మేడం. దేవుని దండే కద."

అతను అబద్ధం చెప్పలేదు. దండ తీయడాన్ని యంత్రాన్ని ముట్టుకోవడం అని అతనే కాదు, మాలో ఎవరూ అనుకోరు. నేనూ అనుకోలేదు.

సంగతి తర్వాత తేలింది. ఆ స్క్రీను మన వేలి ఒత్తిడిని కనిపెట్టేది కాదు. దాని అంచుల మధ్య కంటికి కనపడని కాంతి గీతలు ఉంటాయి. ఏది అడ్డొచ్చినా వేలు పెట్టారనుకుంటుంది. పొద్దున వేసిన దండ పాత్ర సెగకు వాడి కాస్త జారి, బంతిపూలు ముద్దగా ఆ గీతల మీదికి వచ్చినప్పుడు ఎవరో వేలు పెట్టి తీయడం లేదనుకుంది. వేలు తీసేదాకా మిగతా పనులన్నీ ఆపమని ప్రోగ్రాములో రాసి ఉంది. నంబరు మార్చడం, హూటర్ మోగించడం, వాల్వు తెరవడం, అన్నీ ఆ వేలు కోసం ఎదురుచూస్తూ నిలబడిపోయాయి. వాల్వు తెరిచే పనిని స్క్రీను ప్రోగ్రాముకు అప్పగించడమే అసలు తప్పు. మధ్యాహ్నం ఆ ఇంజనీరు అబ్బాయి వచ్చి, రియాక్టరు ఖాళీ చేయించాక, ఇంకో దండ తెప్పించి, గీతలకు అడ్డంగా తన చేత్తోనే వేశాడు. నంబరు ఆగిపోయింది. "రిప్రొడ్యూస్ అయింది మేడం" అన్నాడు. అని గోడకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

"దండది తప్పు కాదయ్యా. నువ్వు వేయకపోతే ఇంకోరోజు తుడిచే గుడ్డ వేలాడేది. అప్పుడు నేను పక్కన ఉండేదాన్నో కాదో" అని ఆపరేటరుకు ఎన్నిసార్లు చెప్పానో. తలూపేవాడు. నమ్మినట్టు ఎప్పుడూ కనిపించలేదు.

వాల్వు పనిని స్క్రీనుతో సంబంధం లేని వేరే పెట్టెకు అప్పగించారు. స్క్రీనుకు ఏది అడ్డొచ్చినా నంబరు ఆగకుండా ప్రోగ్రాము మార్చారు. డయల్ మళ్లీ బిగించారు. ప్రోగ్రాములో ఏ చిన్న మార్పు చేసినా పాతవన్నీ ఇంకా పనిచేస్తున్నాయా అని మళ్లీ చూస్తాం, దాన్నే రిగ్రెషన్ అంటారు. మా రిగ్రెషన్ టెస్టుల్లోకి కొత్త టెస్ట్ కేసు చేరింది. అందులో ముందుగా సిద్ధం చేసుకోవలసినవి అన్నచోట ‘తాజా బంతిపూల దండ, ఒకటి’ అని రాశాను. అకౌంట్సువాళ్లు నవ్వారు. విదేశాల నుంచి తనిఖీకి వచ్చిన ఆయన దాని మీద వేలుపెట్టి ఇదేమిటని అడిగాడు. చెప్తే నవ్వలేదు. లేచి వెళ్లి ఆ స్క్రీను ముందు కాసేపు నిలబడి వచ్చాడు.

ఆ దండ పటాన్‌చెరు బస్టాండు దగ్గర నేనే కొనేదాన్ని. ఎందుకంటే మా ఆపరేటరు దండలు గుచ్చడం మానేశాడు. బంతి వేయడం మానలేదు, పూలు విడిగా దుకాణాలకు అమ్మేసేవాడు. కొత్త యంత్రాలకు పూజ చేస్తుంటే వెనకెక్కడో నిలబడేవాడు. నేను టెస్టు కోసం స్క్రీనుకు దండ వేసినప్పుడల్లా ఏదో పనున్నట్టు బయటికి వెళ్లిపోయేవాడు. "భయం మేడం" అని పిలవడం కూడా మానేశాడు. అది మాత్రం నాకు బాధగానే ఉండేది.

నా రిటైర్మెంటు రోజు శాలువా కప్పారు, ఫొటోలు తీశారు, నా పిరికితనం గురించి మేనేజరు మంచి జోకులు చెప్పాడు. అందరూ వెళ్లాక ఆపరేటరు నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. చేతిలో కవరు, నిండా విడి బంతిపూలు.

"దండే తెద్దమనుకున్న మేడం. సూది వట్టుకుంటె చేతులు వణుకుతున్నయ్. ఆనాటి సంది గంతే."

"సూదీ దారం తెచ్చావా?"

జేబులోంచి తీసి టేబుల్ మీద పెట్టాడు.

క్యాంటీనులో కూర్చున్నాం. అతను పువ్వు అందించాడు, నేను గుచ్చాను. సగం అయ్యాక సూది అతని చేతికిచ్చాను. తీసుకున్నాడు. చెయ్యి వణికింది, అయినా గుచ్చాడు. దండ పూర్తయ్యాక, "పద, షెడ్డుకు" అన్నాను. ఆ రోజు రియాక్టరు ఖాళీ, కడిగి ఆరబెట్టారు. ఆ సంగతి కనుక్కున్నాకే అన్నాను, అంత ధైర్యం నాకెక్కడిది?

ప్యానెల్ ముందు దండ నా చేతికి ఇవ్వబోయాడు. "మీరే వెయ్యిండ్రి మేడం."

"నేను వేస్తే అది టెస్టు అవుతుంది. నువ్వు వెయ్యి."

చాలాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత కళ్లకద్దుకుని, పైనుంచి రెండు పక్కలా దించి, కింది అంచు మీద కలిసేటట్టు, ముందు వేసినట్టే వేశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇద్దరం ఆ చివరి అంకెనే చూస్తున్నాం.

"వణుకుతున్నది మేడం" అన్నాడు.

"వణకనీవయ్యా."